ముందు భయం, వెనక భక్తి

సిరా వాసన.

తడి కాగితం వాసన. వేడెక్కిన ఇనుము మీద నూనె వాసన.

యంత్రాల చప్పుడు... ఒకటి తడబడుతూ, ఒకటి తరుముతూ.

గోడ గడియారం పది కొడుతుంది.

చప్పుడు ఆగిపోతుంది.

పదమూడు స్టూళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరుగుతాయి. పదమూడు మంది లేచి నిలబడతారు. చేతులు కట్టుకుంటారు. తలలు వంచుకుంటారు. వంచిన తలల్లోంచి చూపులు నేల మీద ఒకే దారి వెంట కదులుతాయి. వీధి గుమ్మం దగ్గర మొదలై, యంత్రాల మధ్య నుంచి, మెల్లగా, నడక వేగంతో, చివరి గది తలుపు దాకా.

ఆ దారిలో ఎవరూ ఉండరు.

చూపులు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతాయి. స్టూళ్ళు ముందుకు జరుగుతాయి. యంత్రాలు మొదలవుతాయి.

పెద్దయ్యగారు పోయి మూడు నెలలు.

*

ఆయన కూతురు మొదటిసారి అది చూసినప్పుడు, ఎవరో వస్తున్నారనుకుంది. తనూ లేచి నిలబడింది.

ఎవరూ రాలేదు.

కాసేపు అలాగే నిలబడి, ఎందుకు నిలబడిందో తెలియక, కూర్చుంది.

ఆమె బడిలో వ్యాకరణం చెప్పే పంతులమ్మ. తండ్రి పోయాడని తెలిసి సెలవు పెట్టి వచ్చింది. సెలవు అయిపోయింది. తిరిగి వెళ్ళలేదు. ప్రెస్సు చూసుకోడానికి ఇంకెవరున్నారు? తోడబుట్టినవాళ్ళు లేరు. తల్లి ఎప్పుడో పోయింది. మూడు తరాల పుస్తకాలు అచ్చయిన చోటు. తాళం వేసి తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలి?

ఉండిపోయింది.

అందరూ ఆమెని చిన్నమ్మగారు అంటారు. నలభై రెండేళ్ళ చిన్నమ్మగారు.

"ఎవరికోసం లేస్తున్నారు?" అని ఫోర్‌మాన్‌ని అడిగింది.

ఫోర్‌మాన్ పేరు చిత్తం. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. యజమాని ఏం చెప్పినా "చిత్తం" అని, అని, ఆ మాటే ఆయనకి అంటుకుపోయింది. ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుందని ప్రెస్సులో నవ్వుకుంటారు.

"అలవాటమ్మా," అన్నాడు చిత్తం. "కాళ్ళే లేస్తాయి. మేము లేవం."

*

ఆ తండ్రి ఎలాంటివాడని అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

ఆయన పాదాలు తెలుసు.

ముఖం కన్నా పాదాలే బాగా తెలుసు. ఎడమ బొటనవేలి గోరు మీద నల్లటి గీత. తోలు చెప్పుల మీద అరిగిన చోటు. ఆయన ముందు తల ఎత్తి నిలబడిన రోజు ఆమెకి గుర్తులేదు. ఆమె తల్లీ ఎప్పుడూ అలా నిలబడలేదు.

కొట్టేవాడు కాదు. తిట్టేవాడు కాదు. గొంతు పెంచడం ఎవరూ వినలేదు. పనివాళ్ళ పిల్లలకి పుస్తకాలు కుట్టించి ఇచ్చేవాడు. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆసుపత్రి గుమ్మం దగ్గర ముందు కనిపించేది ఆయనే.

ఒక దగ్గు ఉండేది. అంతే.

గుమ్మంలో అడుగు పెట్టేముందు ఒకసారి దగ్గేవాడు. పొడిగా. చిన్నగా. ఆ దగ్గుకి ఇల్లు సర్దుకునేది. మాటలు లోపలికి పోయేవి. నవ్వులు అయితే ఎటు పోయేవో.

మంచివాడే.

అందరూ అదే అంటారు. మంచివాడే. మంచివాడే. అంటూ గొంతు తగ్గిస్తారు... పక్క గదిలో ఉన్నట్టు.

*

అప్పుడు ప్రెస్సులో ఒక నిఘంటువు అచ్చవుతోంది. బడి పిల్లలది. పాతదాన్నే సరిదిద్ది మళ్ళీ వేస్తున్నారు. ప్రూఫులు ఆమే చూస్తోంది. అకారం నుంచి మొదలుపెట్టి రోజుకి కొన్ని పుటలు. ఒక మధ్యాహ్నం 'భ' దగ్గరికి వచ్చింది.

భయభక్తులు.

పెద్దల యెడ గల మిక్కిలి గౌరవము.

ఎర్ర పెన్ను ఆగింది.

ద్వంద్వ సమాసం. భయమును, భక్తియును. వేలసార్లు నల్లబల్ల మీద రాసి విడదీసిన మాట. ఎప్పుడూ బహువచనంలోనే ఉంటుంది పిల్లలూ, ఒంటరిగా తిరగదు, అని నవ్వించిన మాట. తల్లిదండ్రులు లాగా. అక్కచెల్లెళ్ళు లాగా. రెండు కలిసి ఒకటి.

కానీ ఎప్పుడూ భయమే ముందు ఉంటుంది. భక్తి దాని వెనక నక్కి ఉంటుంది.

భక్తిభయాలు అని ఎవరూ అనరు. ఎందుకనో.

పాత ప్రతిలో అదే పుట తీసి చూసింది. తండ్రి వాడిన ప్రతి. అంచుల నిండా ఆయన పెన్సిలు గుర్తులు. ఒత్తు తప్పింది, దీర్ఘం పోయింది, చుక్క పడలేదు. ఈ మాట పక్కన మాత్రం తప్పు దిద్దలేదు. ఒక ప్రశ్న రాశాడు.

విడదీయవచ్చునా?

చాలాసేపు ఆ అక్షరాలు చూసింది. పెన్సిలు అక్కడ గట్టిగా ఒత్తుకుపోయింది. కాగితం వెనకవైపు తడిమితే వేలికి తెలుస్తోంది.

చిత్తాన్ని పిలిచింది.

"ఈ మాట పెట్టి ఒక వాక్యం చెప్పండి. పిల్లలకి ఉదాహరణ కావాలి."

ఆయన ఆలోచించలేదు. "మేము పెద్దయ్యగారి దగ్గర భయభక్తులతో మెలిగేవాళ్ళం."

"అందులో భయమెంత? భక్తి ఎంత?"

"కొలిచి పోసుకోలేదమ్మా."

నవ్వాడు. నవ్వి, వెంటనే చివరి గదిలోని ఖాళీ కుర్చీ వైపు చూసి, నవ్వు తుడుచుకున్నాడు.

*

బైండింగ్ బల్ల దగ్గర సూదత్త ఉంటుంది. అరవై దాటిన మనిషి. పుస్తకాలు కుడుతుంది. ఎవరికీ అత్త కాదు, అందరికీ అత్త. ఆమె ఎడమ చేతికి మూడే వేళ్ళు. ఆ మూడింటితోనే పుటల మడతలు పట్టుకుని, కుడిచేత్తో సూది దింపుతుంది. కుట్టు ఎక్కడా వంకర పోదు.

ఆ వేళ్ళు ఎలా పోయాయో తనకి తెలుసనుకునేది చిన్నమ్మగారు. మిషన్లో పడి. అంతే చెప్పారు ఇంట్లో. అప్పుడామె దూరపు కాలేజీలో చదువుకుంటోంది.

ఇప్పుడు అడిగింది.

సూదత్త సూది ఆపలేదు.

"అదిగో ఆ కటింగ్ మిషనే అమ్మగారూ. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే కదా కత్తి దిగాలి. నొక్కకుండానే దిగడం మొదలుపెట్టింది. ఊరికే. దానికి బుద్ధి పుట్టినప్పుడు."

"ఎవరూ చూడలేదా?"

"అందరం చూశాం. తొమ్మిది రోజులు చూశాం."

"నాన్నగారికి చెప్పలేదా?"

సూది ఆగింది.

"వెళ్ళాం. ఒకరి తర్వాత ఒకరు గది గుమ్మం దాకా వెళ్ళాం. లోపల దగ్గు వినిపించేది. తిరిగొచ్చేవాళ్ళం. ఏమని చెప్తామమ్మా? మీ మిషను చెడిపోయిందని ఆ మహానుభావుడి మొహం మీద అంటామా? ఆయన కొన్న మిషను. ఆయనకి తెలియదా అనుకున్నాం. తెలిసే ఊరుకున్నారేమో అనుకున్నాం. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకున్నాం. పదో రోజు నా వంతు వచ్చింది... చెప్పడానికి కాదు."

తర్వాత కథ చిత్తం చెప్పాడు.

పెద్దయ్యగారు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడట. తన పైబట్ట చింపి ఆమె చేతికి చుట్టాడట. ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చున్నాడట. ఆయన నేల మీద కూర్చున్నాడని, వీళ్ళంతా నిలబడే ఉన్నారట. సాయంత్రం దాకా.

"ఎందుకు చెప్పలేదురా నాకు?" అని అడిగాడట.

వీళ్ళు తలలు వంచుకున్నారట.

మళ్ళీ అడిగాడట.

"భయభక్తులండీ," అన్నాడట చిత్తం.

పెద్దయ్యగారు ఆ మాట విని, వినపడనట్టు, ఇంకోసారి చెప్పమన్నాడట. చెప్పాడట. ఆ తర్వాత ఆయన ఎవరినీ ఏమీ అడగలేదట. ఏళ్ళ తరబడి... ఏమీ.

మిషను బాగు చేయించాడు. దాని దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.

*

మర్నాడు ఆమె అందరినీ పిలిచి చెప్పింది. "ఇక పదింటికి ఎవరూ లేవద్దు. నా ముందు కూడా లేవద్దు. ఏమున్నా నాతో చెప్పండి. నన్ను పేరు పెట్టి పిలవండి."

"చిత్తం," అన్నాడు చిత్తం.

"చిత్తం," అన్నారు అందరూ.

పది కొట్టింది.

ఎవరూ లేవలేదు.

యంత్రాలు ఆగాయి. స్టూళ్ళు కదలలేదు. పదమూడు మంది కూర్చున్న చోటే తలలు వంచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. లేవకుండా ఉండటానికి మోకాళ్ళని చేతులతో అదిమి పట్టుకున్నారు.

చూపులు మాత్రం నడిచాయి. గుమ్మం నుంచి... యంత్రాల మధ్య నుంచి... చివరి గది దాకా.

గదిలో ఆమె ఉంది.

చూపులు వచ్చి ఆమె పాదాల దగ్గర ఆగాయి.

ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది.

*

కాగితం దుమ్ము గొంతులో పడింది. ఎప్పుడు పడిందో తెలియదు. ఒకరోజు దగ్గింది.

హాలు మూగబోయింది.

నీళ్ళు తాగింది. తగ్గలేదు. మందు వేసుకుంది. తగ్గలేదు. పెద్ద దగ్గు కాదు. చిన్నది. పొడిది. గుమ్మం దాటబోయే ముందు గొంతులో ఏదో గీరినట్టయ్యేది. ఒక్కసారి. అంతే.

ఆ ఒక్కసారికే మాటలు ఆగేవి. ఎవరో ఏదో జోకు వేస్తుండేవారు, సగంలో మింగేసేవారు. మిగతా సగం ఏమిటో ఆమెకి ఎప్పటికీ తెలిసేది కాదు. మొదట్లో బాధ వేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత... ఆమె ఎవరికీ చెప్పుకోలేదు కానీ, ఆ నిశ్శబ్దం బావుండేది. పని జరిగేది. ఎదురు చెప్పేవారు లేరు. ఒక మాట అంటే చాలు, అది అయిపోయేది.

తల ఎత్తి చూసేవారు లేరు కాబట్టి, తన ముఖం ఎలా ఉందో ఆమె కూడా చూసుకోవడం మానేసింది.

ఒకరోజు చిత్తం ఏదో అచ్చుతప్పు చూపించబోయాడు.

"నాకు తెలియదా?" అంది.

గొంతు పెంచలేదు.

"చిత్తం," అని వెళ్ళిపోయాడు.

ఆ పుట తప్పుతోనే అచ్చయింది. తర్వాత చూసుకుంది. ఎవరినీ ఏమీ అనలేదు. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు.

*

నిఘంటువు ఆలస్యమవుతోంది.

అచ్చయిన పుటల ఫారాలు దొంతర్లు దొంతర్లుగా పడి ఉన్నాయి. అంచులు కోసి బైండింగుకి పంపాలి. కోత సాగడం లేదు. ఇద్దరు మనుషులు ఒక మూల కూర్చుని, చెక్క బద్ద అడ్డం పెట్టి, చేతి కత్తితో నాలుగేసి కాగితాలు కోస్తున్నారు.

"మిషను ఉండగా ఇదేం పని?"

"అయిపోతుందమ్మా."

"ఎప్పటికి?"

"అయిపోతుందమ్మా."

మూడు ఉదయాలు వరసగా చిత్తం గది గుమ్మం దాకా వచ్చాడు. తలుపు కింద ఆయన నీడ పడింది. నిలబడింది. ఆమె ప్రూఫు దిద్దుతూ, వస్తాడులే అని చూసింది. గొంతు గీరింది. దగ్గింది.

నీడ వెనక్కి జరిగింది.

సెలవు కోసం అయి ఉంటుందిలే అనుకుంది.

నాలుగో రోజు సూదత్త నీడ. అదీ అంతే.

ఐదో రోజు ఆమెకి విసుగొచ్చింది. పనివాళ్ళు బద్ధకిస్తున్నారు అనుకుంది. చేతకాకపోతే నేనే చేస్తాను, అనుకుంది. చిన్నప్పుడు నేర్చుకున్న పనే. చీర కొంగు బిగించి గదిలోంచి బయటికి వచ్చింది. ఎండ కిటికీల్లోంచి బారుగా పడుతోంది. ఒక దొంతర ఎత్తి కటింగ్ మిషన్ బల్ల మీద పెట్టింది.

హాలంతా ఆగిపోయింది.

తన మీద గౌరవం కొద్దీ ఆగారనుకుంది.

దొంతర తట్టింది. అంచులు సరిచేసింది. ఒక కాగితం వంకరగా ఉంది. కత్తి కింద చెయ్యి పెట్టి దాన్ని లోపలికి జరిపింది. మీటలు ముట్టుకోలేదు. రెండు మీటలూ ఖాళీగా, ఎండలో మెరుస్తూ...

"చెయ్యి తియ్యవే!"

చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది.

కత్తి దిగింది.

దాన్ని ఎవరూ పిలవలేదు. అది వచ్చింది. బరువుగా, నింపాదిగా, తన ఇంట్లో తాను తిరుగుతున్నట్టు. దొంతర రెండు ముక్కలైంది. వంకర కాగితం కూడా.

తర్వాత అది పైకి లేచింది.

*

ఐదు వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి ముట్టుకుని చూసుకుంది.

"ఎన్నాళ్ళుగా తెలుసు మీకు?"

పదమూడు తలలు వంగాయి.

"ఎన్నాళ్ళు?"

"పదకొండు రోజులమ్మా," అన్నాడు చిత్తం నేలతో.

కోపం రావాలి. రాలేదు. ఆమె చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది. మాట కూడా కాదు. మాట చివర ఉన్న ఆ చిన్న అక్షరం.

వే.

తియ్యవే.

"ఎవరన్నారు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరూ ఏమీ అనలేదమ్మా," అన్నాడు యంత్రం నడిపేవాడు.

"నాకు వినిపించింది."

"మీరే చెయ్యి తీశారమ్మా. మేము చూస్తూనే ఉన్నాం."

"చిత్తంగారూ, మీరా?"

ఆయన రెండు చెంపలూ వేసుకున్నాడు. "మిమ్మల్ని అంత మాట అనే నోరు ఇక్కడ ఎవరికుందమ్మా?"

"అత్తా?"

సూదత్త రెండు చేతులూ చూపించింది. ఒక చేతిలో సూది, ఒక చేతిలో దారం. అవే సాక్ష్యం అన్నట్టు. "నేను దారం ఎక్కిస్తున్నాను చిన్నమ్మగారూ. తల కూడా ఎత్తలేదు."

ఆమె గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది. ఆడగొంతా? మగగొంతా? దగ్గర నుంచా, దూరం నుంచా? తెలియలేదు. గొంతు గుర్తులేదు. గొంతులో ఉన్న కంగారు గుర్తుంది. ఆ కంగారులో గారూ లేదు, అండీ లేదు. మర్యాద చూసుకునేంత తీరిక లేదు.

ఆమెని అలా ఎవరు పిలుస్తారు?

బడిలో టీచరుగారు. ఇంట్లో తల్లి, అమ్మాయి అనేది. తండ్రి అదీ అనేవాడు కాదు, దగ్గేవాడు. నాలుగేళ్ళప్పుడు మాత్రం, ఇదే హాల్లో, జిగురు డబ్బాలో చెయ్యి ముంచినప్పుడు ఎవరో రెక్క పట్టుకుని లాగారు. ఒసేయ్ అని అరిచారు. వీపు మీద ఒకటి వేశారు. ఆ చెయ్యే తర్వాత మూతి తుడిచింది. ఆ మనిషి ముఖం ఆమెకి గుర్తు రావడం లేదు. అప్పుడు తల ఎత్తి చూసే ఉంటుంది. పిల్లలు తల ఎత్తే చూస్తారు.

ఎవరి ముఖం అది?

ఈ పదమూడు మందిలో ఎవరిదైనా కావచ్చు. ఇక్కడ లేనివాళ్ళది కావచ్చు.

ఎవరిని అడిగినా లేదనే అంటారు. అది ఆమెకి అర్థమైంది. అన్నవాళ్ళున్నా ఒప్పుకోరు. యజమానిని 'వే' అన్నానని ఒప్పుకోవడం కన్నా ఆ గొంతు తనది కాదనుకోవడం తేలిక. అనుకోగా అనుకోగా నిజంగానే తనది కాకుండా పోతుంది. ఇక అది ఎవరిది?

గాలిది.

*

మెకానిక్‌కి కబురు వెళ్ళింది. మిషను తీసేయమంది, బాగు చేయడం కాదు. ఎవరో కరెంటు తీగ పీకేశారు. మళ్ళీ దిగబోతున్న కత్తి సగం ఎత్తులో ఆగింది.

ఆమె అక్కడే, నేల మీద కూర్చుండిపోయింది. చుట్టూ కోసిన కాగితపు తునకలు. జుట్టులో కూడా.

"కూర్చోండి," అంది అందరితో.

ఎవరూ కూర్చోలేదు. యజమాని నేల మీద ఉంటే వాళ్ళెక్కడ కూర్చుంటారు? నేలకి కింద ఇంకేం చోటుంది?

ఆమెకి గొంతు గీరింది. దగ్గు వచ్చింది. మింగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకోసారి అనండి," అంది.

నిశ్శబ్దం.

"ఎవరన్నారో చెప్పక్కర్లేదు. ఎవరైనా సరే. తప్పు పట్టను. ఒక్కసారి... ఆ మాట అనండి."

నిశ్శబ్దం.

"నేను కళ్ళు మూసుకుంటాను."

మూసుకుంది.

చీకటి. ఎండ తగిలిన రెప్పల లోపలి ఎర్రటి చీకటి. ఎవరో ఊపిరి పీల్చారు. ఎవరో ఏడుపు ఆపుకుంటున్నారు. ఎవరివో పాదాలు, చెప్పులు లేని పాదాలు, కాగితాల మీద నడుచుకుంటూ వచ్చాయి. దగ్గరికి. ఇంకా దగ్గరికి. ఆగాయి.

ఒక చెయ్యి ఆమె తల మీద వాలింది.

మాట లేదు. జుట్టులోంచి తునకలు ఒక్కొక్కటే ఏరుతోంది. తొందర లేదు. కొంచెం మొరటుగా, కొంచెం చిరాగ్గా. చిక్కు పడిన చోట ఒక్క లాగు లాగింది. నొప్పి పుట్టింది. ఆమె అబ్బా అంది. చెయ్యి ఆగలేదు.

కళ్ళు తెరిస్తే ఎవరో తెలుస్తుంది.

కళ్ళు తెరిస్తే ఆ చెయ్యి వెనక్కి వెళ్ళి, కట్టుకుని నిలబడుతుంది.

తెరవలేదు.